బేస్ గిటార్‌కు పొడవాటి వేళ్లు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పిల్లలకు ఏ వాయిద్యం నేర్పించాలన్న వ్యాసం చదివాను. వీణ గురించి, తబలా గురించి రాసిన మాటలు బాగున్నాయి. మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్క పేరాలోనే రెండు తప్పులు దొర్లాయి. అది పొడవాటి వేళ్లు, బలమైన భుజాలు ఉన్నవాళ్ల వాయిద్యమట, పొట్టివాళ్లూ ఆడపిల్లలూ మామూలు గిటార్‌తో సరిపెట్టుకోవడం మేలట. దాని తీగలు ఏవైనా ఒకటేనట, షాపులో ఇచ్చినవి వేసుకుంటే చాలట. నా ఎత్తు నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. వయసు అరవై దాటింది. ప్రతి ఆదివారం మా చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను. ఈ ఉత్తరం రాసే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను. పొడవైతే మీకు తోచిన చోట కత్తిరించండి, కొలతలున్న చోట మాత్రం వద్దు.

నేను 1984లో కాకినాడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ట్రంకు ఆపరేటరుగా చేరాను. మా అన్నయ్యకు అప్పట్లో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లలోనూ వినాయక చవితి పందిళ్లలోనూ వాయించేవారు. బేస్ గిటార్ వాయించే కుర్రాడికి గల్ఫులో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆ వాయిద్యం మా ఇంట్లో మంచం కింద పడి ఉండేది. 1986లో ఒక వేసవి సెలవురోజున దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఎడమచేయి పూర్తిగా చాస్తే తప్ప మొదటి మెట్టు అందలేదు. అందాక చిటికెన వేలు నాలుగో మెట్టు దాకా పోలేదు. మెట్టు అంటే ఫ్రెట్. మా ఇంట్లో వీణ ఉండేది కాబట్టి ఇప్పటికీ నాకు ఆ మాటే నోటికి వస్తుంది.

అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. "నీకెందుకమ్మా ఇది, పాడుకో చాలు" అన్నాడు. నేను ఊరుకోలేదు. పాత సైకిలు ట్యూబు నుంచి సన్నని పట్టీ కోసి, ఆఫీసు పెన్సిలు ఒకటి రెండో మెట్టు మీద అడ్డంగా పెట్టి, పట్టీతో మెడకు బిగించి కట్టాను. నాలుగు తీగలనూ ఒక్కో స్వరం దించి శ్రుతి చేశాను. పెన్సిలు దగ్గర నుంచి చూస్తే మళ్లీ అసలు శ్రుతే, కానీ తీగ పొడవు తగ్గింది. మెట్లు దగ్గరయ్యాయి, చిటికెన వేలు అందింది. ఆ సాయంత్రం మూడు పాటలు వాయించాను.

చాలా ఏళ్ల తర్వాత లెక్క కట్టి చూస్తే, నేను తెలియకుండానే షార్ట్ స్కేల్ బేస్ తయారు చేశానని అర్థమైంది. మామూలు బేస్ గిటార్‌లో నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (రెండో కొసన తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు 34 అంగుళాలు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌కు పెట్టిన కొలత అది, అప్పటినుంచీ అదే రివాజు అయింది. రెండో మెట్టు దగ్గర అడ్డం పెడితే మిగిలేది 30 అంగుళాలకు కాస్త పైన. షార్ట్ స్కేల్ అంటే సరిగ్గా ఆ కొలతే, 30 లేదా 30న్నర అంగుళాలు.

నాలుగు అంగుళాలు ఒక లెక్కా అనుకోవద్దు. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు 34 అంగుళాల దాంట్లో దూరం సుమారు 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల దాంట్లో పదకొండున్నర. నా చెయ్యి బల్ల మీద పరిచి చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా స్కేలుతో కొలిస్తే, నొప్పి లేకుండా పన్నెండు వస్తుంది. దాదాపు నలభై ఏళ్లు నేను వాయించలేకపోవడానికి ఉన్న అడ్డంకి ఆ ఒక్క సెంటీమీటరే.

నా పెన్సిలు ఉపాయంలో ఒక లోపం ఉండేది, తీగల సంగతి అక్కడే మొదలవుతుంది. స్వరం దించి శ్రుతి చేసిన తీగ వదులైపోతుంది. అన్నిటికంటే లావుదైన ఇ తీగను గట్టిగా మీటితే ఊగి మెట్లకు తగిలి గరగరమనేది. ఇదెందుకని మా ఎక్స్చేంజిలో జూనియర్ ఇంజినీరు గారిని అడిగితే, ట్రంకు బుకింగ్ చీటీ వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించారు. అదే తీగ, అదే స్వరం, పొడవు మాత్రం 34 నుంచి 30కి తగ్గితే, బిగువు ఆ నిష్పత్తి వర్గం ప్రకారం తగ్గుతుంది. నూరు పాళ్లు ఉండాల్సింది 78 పాళ్లకు వస్తుంది. ఆ చీటీ చాలాకాలం నా దగ్గరే ఉండేది. "తీగలు ఏవైనా ఒకటే" అన్న మీ వ్యాసకర్తకు ఆ చీటీ చూపించాలని ఉంది.

తర్వాత అన్నయ్య ఆర్కెస్ట్రా మూతపడింది, వాయిద్యం అమ్మేశాడు, నాకు పెళ్లయింది. పొట్టి బేస్ అనేది లోకంలో ఉందని 1991 దాకా నాకు తెలియదు. ఆఫీసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు మౌంట్ రోడ్డు వైపు ఒక వాయిద్యాల షాపులో గోడకు వేలాడదీసిన ఫొటోలో వయొలిన్ ఆకారంలో ఉన్న గిటార్ పట్టుకున్న మనిషిని చూశాను. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ అని చెప్పారు. అది ఎంత పొడవుంటుందని అడిగితే కౌంటర్ దగ్గరి పెద్దమనిషి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అది బొమ్మ గిటార్ లాంటిదమ్మా, అసలు బేస్ కాదు" అన్నాడు.

ఆ బొమ్మ గిటార్ కథ కాస్త చెప్పనివ్వండి. హాఫ్నర్ అనే జర్మన్ వాయిద్యాల కంపెనీ 1887లో మొదలైంది. మొదట్లో వాళ్లు చేసేవి వయొలిన్లు. వాల్టర్ హాఫ్నర్ 1955లో ఈ వయొలిన్ ఆకారపు బేస్‌ను రూపొందించాడు. లోపల గుల్ల, బరువు తక్కువ, తీగ పొడవు 30 అంగుళాలు. 1961లో హాంబర్గ్‌లో మెకార్ట్నీ ఒకటి సుమారు 30 పౌన్లకు కొన్నాడు. ఆయన ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకే ఆకారం కాబట్టి తిప్పి పట్టుకున్నా వికారంగా కనబడదని అది నచ్చిందట. ఆ గిటార్ 1972లో లండన్‌లో ఒక వ్యాను నుంచి దొంగల పాలయింది.

షార్ట్ స్కేల్ అంటే ఇదొక్కటే కాదు. గిబ్సన్ కంపెనీ 1953లో తెచ్చిన మొదటి ఎలక్ట్రిక్ బేస్ పొడవు 30న్నర అంగుళాలే. క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్ అంత మోత మోగించింది గిబ్సన్ వాళ్ల ఇంకో పొట్టి బేస్ మీదనే. 34 అంగుళాల రివాజు పెట్టిన ఫెండర్ కంపెనీ కూడా 1966లో మస్టాంగ్ పేరుతో 30 అంగుళాలది తెచ్చింది. స్టాన్లీ క్లార్క్ లాంటి ఉద్దండుడు వాడే ఆలెంబిక్ కంపెనీ బేస్ కూడా పొట్టిదే, ఆయనేమో తాటిచెట్టంత మనిషి. ఇక ఆడవాళ్ల సంగతంటారా, అమెరికాలో కేరల్ కే 1960లలో వందల రికార్డింగుల్లో 34 అంగుళాల ఫెండర్‌నే వాయించింది. మన దేశంలో మోహినీ డే బేస్ మీద పరుగులు పెట్టిస్తోంది. చెయ్యి పెద్దదైనవాళ్లు పెద్దది వాయిస్తారు, నాలాంటివాళ్లకు చిన్నది ఉంది. మన తంబూరాల్లో మగ శ్రుతిది పెద్దదిగా, ఆడ శ్రుతిది చిన్నదిగా చేయరా? పిల్లల చేతికి అర సైజు వయొలిన్, ముప్పాతిక సైజు వయొలిన్ ఇవ్వమా? వాటిని ఎవరూ బొమ్మలు అనరు. ఒక్క బేస్ గిటార్ దగ్గరే ఎందుకో ఈ మీసం మెలేసే వ్యవహారం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొనే స్తోమత గానీ వెతికే తీరిక గానీ లేవు. పిల్లల చదువులు, అత్తగారి ఆపరేషను, ఇంటి అప్పు. 2020 జనవరిలో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక మొదటిసారి, వచ్చిన సొమ్ములో కొంత పక్కన పెట్టి, "ఇది నాది" అని మా వారికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. బీరువాలో ఆ కవరు మీద ఆయనే "గిటారు" అని రాసి పెట్టారు.

అయినా దొరకాలి కదా. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు షాపులన్నిటికీ ఫోన్లు చేశాను. ఉన్నాయన్నవాళ్లు కొందరు తీరా చూస్తే మామూలు గిటార్లలో పిల్లల సైజు చూపించేవారు. ఒకాయన బేస్ ఉకులేలే పంపుతానన్నాడు. తెప్పిస్తాం గానీ పూర్తి డబ్బు ముందే కట్టాలి, నచ్చకపోయినా వెనక్కి తీసుకోం అన్నారు ఇంకొకరు. చేతిలో పట్టుకుని చూడకుండా నేను కొనలేను. సెకండ్ హ్యాండ్‌లో 2022లో బెంగళూరులో ఒకటి కనిపించింది. మా అమ్మాయి ఆఫీసు అయ్యాక చూసొస్తానని బయలుదేరితే, దారిలో ఉండగానే అమ్ముడుపోయిందని మెసేజి వచ్చింది. ఆ రాత్రి అమ్మాయి నాకంటే ఎక్కువ బాధపడింది.

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి సికింద్రాబాదులో ఒక కుర్రాడు హాఫ్నర్ ఇగ్నిషన్ రకం అమ్ముతున్నాడని తెలిసింది. జర్మనీలో చేసే అసలు దానికి తక్కువ ధరలో వచ్చే తమ్ముడు లాంటిది, ఆకారమూ పొడవూ అవే. ఈసారి ఎవరినీ పంపలేదు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనే వెళ్లాను. హ్యాండ్ బ్యాగులో దర్జీ టేపు, బ్లౌజులు కుట్టించుకునేటప్పుడు వాడేది.

ఆ కుర్రాడి గది మూడో అంతస్తులో. చదువు అయిపోయి ఉద్యోగానికి పుణె వెళ్తున్నాడట. బయటికి తీసి నా చేతిలో పెట్టగానే మొదట ఆశ్చర్యపడింది భుజం. అన్నయ్య పాత బేస్ నాలుగు కిలోలకు తక్కువ ఉండేది కాదు. ఇది తర్వాత మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెడితే రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. టేపు తీసి నట్ నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచాను, పదిహేను అంగుళాలు. దాన్ని రెట్టింపు చేస్తే తీగ పొడవు. ముప్పై! కుర్రాడు నవ్వాపుకుంటూ, "ఆంటీ, చీర కొలుస్తున్నట్టు కొలుస్తున్నారు" అన్నాడు. కొలవకుండా కొంటే చీరైనా కురచ పడుతుంది నాయనా అన్నాను.

ఇ తీగను మొదటి మెట్టు మీద ఒక చేత్తో, చివరి మెట్టు మీద ఇంకో చేత్తో నొక్కి, మధ్యలో తీగకూ మెట్టుకూ సందు ఎంత ఉందో కుర్రాణ్ని టార్చి వేసి చూడమన్నాను. పోస్టుకార్డు దూరేటంత. మెడ తిన్నగా ఉందన్నమాట. బిరడాలు నాలుగూ జారకుండా తిరుగుతున్నాయి. అంచు పట్టీ దగ్గర ఒకచోట చిన్న పగులు ఉంది, దానికి వెయ్యి తగ్గించాడు. ఇరవై ఆరు వేలకు బేరం కుదిరింది. అప్పుడు మొదటి మెట్టు మీద చూపుడు వేలు, నాలుగో మెట్టు మీద చిటికెన వేలు పెట్టాను. పెన్సిలు లేకుండా అందింది. ఏమీ వాయించలేదు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. కుర్రాడు మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

పెట్టె వేరే అమ్మేశానన్నాడు కాబట్టి దుప్పటిలో చుట్టి తెచ్చుకున్నాను. తిరుగు రైల్లో టికెట్ కలెక్టరు, "వయొలినా అమ్మా?" అని అడిగితే అవునన్నాను. ఇంకో నెల తిరక్కుండానే ఫిబ్రవరిలో పత్రికలన్నిట్లో ఒక వార్త వచ్చింది. 1972లో పోయిన మెకార్ట్నీ బేస్ ఇంగ్లండ్‌లో ఒక ఇంటి అటకమీద దొరికిందని. ఆయనకు యాభై ఏళ్లు పైన పట్టింది, నాకు ముప్పై ఎనిమిది. మా వారు ఆ కటింగు కత్తిరించి ఖాళీ కవరులో పెట్టారు.

ఇక తీగల సంగతి. ఇక్కడే నేను డబ్బు తగలేశాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

దాని మీద ఉన్న పాత తీగలు తుప్పు పట్టి, వేలికి గీసుకుంటున్నాయి. నేనున్న వీధి నుంచి సముద్రం ఆట్టే దూరం లేదు. ఉప్పుగాలికి ఇంట్లో తాళాలే బిగుసుకుపోతాయి, తీగలు ఒక లెక్కా. షాపుకు వెళ్లి బేస్ తీగలు కావాలన్నాను. 45, 65, 85, 105 అని రాసి ఉన్న ప్యాకెట్టు ఇచ్చారు. ఆ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. పొడవు గురించి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అవి 34 అంగుళాల వాయిద్యానికి చేసినవి. ఇ తీగ చివరను బిరడా కడ్డీకి చుట్టాలి. అక్కడ మామూలుగా తీగ సన్నబడి, పట్టుదారం చుట్టి ఉంటుంది. నా దానికి పొడవు ఎక్కువై, ఇంకా లావుగా ఉన్న భాగమే కడ్డీ దాకా వచ్చేసింది. లావు తీగ ఆ చిన్న కడ్డీ చుట్టూ వంగదు, వంగినా పై చుట్టు విచ్చుకుంటుంది. తెలివిగా కత్తిరించేద్దామని కట్టింగ్ ప్లేయరుతో ఒక్క పట్టు పట్టాను. ముందు తీగను తొంభై డిగ్రీలు వంచి, వంపు దాటాక కత్తిరించాలన్నది నాకు అప్పటికి తెలియదు. లోపలి తీగ గుండ్రంగా ఉన్న రకాల్లో, వంచకుండా కోస్తే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద జారిపోతుంది. అలాగే జారింది. మీటితే గంట మీద గుడ్డ కప్పి కొట్టినట్టు "దబ్" అన్నది. ఆ షాపులో ఒక్క తీగ విడిగా అమ్మరు, ప్యాకెట్టు మొత్తం దండగ.

రెండోసారి జాగ్రత్తపడి, ప్యాకెట్టు మీద షార్ట్ స్కేల్ అని స్పష్టంగా రాసి ఉన్నవే తెప్పించాను. అప్పుడు చేసిన తప్పు ఇంకా పెద్దది. పాత తీగలు నాలుగూ ఒకేసారి విప్పేశాను. చటుక్కున బ్రిడ్జి ఊడి ఒళ్లో పడింది! ఈ వయొలిన్ రకం బేస్‌లో బ్రిడ్జికి మేకులు, స్క్రూలు ఉండవు. చిన్న చెక్క ముక్క, తీగల ఒత్తిడికే నిలబడుతుంది, వయొలిన్‌లో లాగే. దాని మీద గాళ్లలో సన్నని లోహపు ముక్కలు ఉంటాయి, తీగలు వాటిమీద ఆనుతాయి. అవి కూడా ఊడి మంచం మీద దొర్లాయి. ఒకటి దుప్పటి మడతలో దొరికింది. ఒక్కో తీగా మార్చుకుంటూ పోవాలి, లేదా ముందే బ్రిడ్జి కాళ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోవాలి. నేను రెండూ చేయలేదు. మళ్లీ నిలబెట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పన్నెండో మెట్టు పైన తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే సన్నని స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటి కావాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే బ్రిడ్జిని తోక వైపు జరపాలి, తక్కువైతే మెడ వైపు. వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుతూ కూర్చున్నాను. మా వారు టీ పెట్టి తెచ్చి ఇచ్చారు, రెండుసార్లు.

ఇంత చేసినా ఆ తీగలు సరిపోలేదు. ఎందుకంటే తీగ బ్రిడ్జి దగ్గర మొదలవదు. దాని కొసనున్న గుండ్రని పూస బ్రిడ్జికి వెనక, తోక దగ్గరి లోహపు పట్టీలో తగులుకుంటుంది. కాబట్టి నట్ నుంచి బ్రిడ్జి దాకా 30 అంగుళాలే అయినా, తీగ నడవాల్సిన దారి అంతకంటే చాలా ఎక్కువ. ప్యాకెట్టులోది బ్రిడ్జి దగ్గరే పూస తగిలించే మామూలు పొట్టి బేస్‌లకు సరిపోయేది. నాకు వచ్చేసరికి చివరి పట్టుదారం మొదటి మెట్టు మీదకు వచ్చి కూర్చుంది. దారం చుట్టిన చోట నొక్కితే ఏ స్వరం పలుకుతుంది? పాత మస్టాంగుల్లో తీగలు వెనకనుంచి చెక్కలోంచి దూరి వస్తాయి. వాటికీ ఇదే ఇబ్బంది. అందుకని షార్ట్ స్కేల్ కొనేవాళ్లకు నేను చెప్పేది, ప్యాకెట్టు మీద మాట నమ్మి కొనవద్దని. పూస తగిలే చోటు నుంచి నట్ దాకా టేపు పెట్టి కొలవండి. తీగ లావు భాగం అంతకంటే కాస్త పొడవుండాలి, బిరడా దాకా మాత్రం రాకూడదు. ఆ కొలత ఒక్కో వాయిద్యానికి ఒక్కోటి, నాది ఇక్కడ రాస్తే మీరు మళ్లీ పప్పులో కాలేస్తారు.

పొడవు తేలాక రకం తేల్చుకోవాలి. మామూలుగా షాపుల్లో ఇచ్చేవి రౌండ్ వూండ్, అంటే గుండ్రని సన్న తీగ చుట్టినవి. వేలితో తడిమితే స్క్రూ మరల్లా తగులుతాయి. మోత గట్టిగా, గలగలమంటూ ఉంటుంది. వేలు జరిపినప్పుడల్లా కీచుమంటాయి, చర్చి మైకులో ఆ కీచు ఇంకా బాగా వినబడుతుంది. ఫ్లాట్ వూండ్ తీగలకు చుట్టేది చదునైన రిబ్బను. పైన నునుపు, కీచు లేదు, శబ్దం గుండ్రంగా, డోలక్ ఎడమవైపు మోగినట్టు. మెట్లు కూడా తక్కువ అరుగుతాయి. ఈ రెంటికీ మధ్యరకంగా, గుండ్రంగా చుట్టి పైన అరగదీసినవి కూడా ఉన్నాయి. నల్ల నైలాను చుట్టినవి చేతికి మెత్తన, కానీ లావుపాటివి. నా దాని నట్ గాళ్లలో పట్టవు, గాళ్లు వెడల్పు చేయించడం నాకిష్టం లేదు.

అన్నయ్య రోజుల్లో తీగలకు డబ్బు చాలక, చెడిన రౌండ్ వూండ్ తీగలను అన్నం గిన్నెలో నీళ్లు పోసి మరిగించేవారు. చుట్ల మధ్య ఇరుక్కున్న జిడ్డు, చెమట వదిలి నాలుగు రోజులు మళ్లీ గలగలమనేవి. అమ్మ ఆ గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కించనిచ్చేది కాదు. ఫ్లాట్ వూండ్‌కు ఆ బాధ లేదు. పాతబడే కొద్దీ బాగుంటాయి. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డింగుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ మీద లావుపాటి ఫ్లాట్ వూండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఉప్పుగాలి ఊళ్లో ఉన్న నాకు ఆ మాట తేనె పూసినట్టు వినిపించింది.

మందం దగ్గర మళ్లీ ఆ బుకింగ్ చీటీ గుర్తుకు తెచ్చుకున్నాను. పొట్టి తీగకు బిగువు 78 పాళ్లే కాబట్టి, సన్నవి వేస్తే పెన్సిలు నాటి గరగర మళ్లీ వస్తుంది. అలాగని మరీ లావువి వేస్తే ఈ గుల్ల శరీరం, ఊడిపడే బ్రిడ్జి ఎంత బరువు మోస్తాయో అనుమానం. ఈ వాయిద్యం కోసమే చేసిన తీగలు జర్మనీ పిరమిడ్ వాళ్లవీ, న్యూయార్క్ లా బెల్లా వాళ్లవీ ఉన్నాయి. రెండోవి ఎంచుకున్నాను, అవి తెచ్చే మనిషి ఉన్నాడు కాబట్టి. న్యూజెర్సీ నుంచి వస్తున్న మా అక్క కొడుక్కి చెబితే, "పిన్నీ, అందరూ చాక్లెట్లు, సెంట్లు తెమ్మంటారు, నువ్వు ఇనుప తీగలు తెమ్మంటావా!" అన్నాడు. తెచ్చాడు పాపం, తిరుగు ప్రయాణంలో ఆవకాయ మోసుకెళ్లాడు.

ఈసారి ఒక్కో తీగా మార్చాను. దారం నట్ దాటాక, బిరడాకు ముందే మొదలైంది. కోయాల్సి వచ్చిన చోట వంచి కోశాను. ఆ ఏడాది ఈస్టరు ఉదయపు ఆరాధనలో మొదటిసారి అందరి ముందు వాయించాను. అయ్యాక మా పెద్ద మాస్టారు దగ్గరకు వచ్చి, "ఇవాళ హార్మోనియం బ్రహ్మాండంగా పలికిందమ్మా" అన్నారు. బేస్ వాయించేవాళ్లకు అంతకు మించిన మెప్పు రాదని అన్నయ్య ఎప్పుడూ చెప్పేవాడు. ఆ తీగలే ఇప్పటికీ ఉన్నాయి. వాయించిన ప్రతిసారీ పాత పంచె ముక్కతో తుడిచి, బీరువాలో పెడతాను.

సంపాదకులు గారూ, ఇదంతా ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పి ముగిస్తాను. మా చర్చిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. నాకంటే పొట్టి. ఆరు నెలలుగా ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని ఇ తీగ, ఏ తీగ మీటుతోంది. తాళం తప్పదు. పోయిన ఆదివారం రాలేదు. సోమవారం వాళ్ల ఇంటికి వెళితే, వాళ్ల నాన్న మీ అనుబంధం మడిచి బల్ల మీద పెట్టి ఉన్నాడు. "పేపర్లోనే రాశారండీ, దానికి వేళ్లు చాలవట. మామూలు గిటార్ క్లాసులో చేర్పిద్దామనుకుంటున్నాం" అన్నాడు. అమ్మాయి తలుపు చాటున నిలబడి ఉంది. నేను బ్యాగులోంచి దర్జీ టేపు తీసి దాని చెయ్యి కొలిచాను. పదకొండున్నర సెంటీమీటర్లు, సరిగ్గా. వాళ్ల నాన్నకు ఆ అంకె చూపించాను గానీ, అచ్చులో ఉన్న మాటకు ఉన్న బరువు నా టేపుకు లేదు. కనుక వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో, బేస్ గిటార్ 30 అంగుళాల్లో కూడా దొరుకుతుందని రెండు వాక్యాలు వేయండి. మిగతా ఉత్తరం వేయకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
కాకినాడ

తా.క.: నేను పాడుచేసిన మొదటి ఇ తీగను పారేయలేదు. ఉగాదికి గుమ్మానికి మామిడి తోరణం కట్టింది దానితోనే. చుట్ల మధ్య ఆకు కాడలు చక్కగా పట్టుకున్నాయి.